ఫోన్‌కి వచ్చే వెదర్ అలర్ట్స్‌లో దేనికి లేచి పరిగెత్తాలి, దేనికి పడుకోవచ్చు?

నిద్రలేనిమనిషి అడుగుతున్నారు:

అందరికీ నమస్తే. చలికాలం మొదలైన దగ్గర్నుంచి ఫోన్ ఊపిరి తీసుకోనివ్వట్లేదు. ఒకరోజు ఫ్లడ్ వాచ్, మర్నాడు ఫ్రాస్ట్ (ఆకుల మీద తెల్లగా గడ్డకట్టే మంచు) అడ్వైజరీ, ఆ తర్వాత ఫ్రీజ్ వార్నింగ్, మధ్యలో వింటర్ స్టార్మ్ వాచ్, ఇంకో యాప్‌లో ఐతే పసుపు త్రికోణం ఒకటి ఎప్పుడు తెరిచినా ఉంటుంది, చూసీ చూసీ ఇప్పుడు అది ఉందో లేదో కూడా గమనించట్లేదు. మొన్న ఫ్లడ్ వాచ్ అన్నారు, మబ్బు తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక రాత్రి మా దగ్గర చినుకు కూడా లేకుండా ఆ గుండె ఆగిపోయే సౌండుతో ఫ్లాష్ ఫ్లడ్ వార్నింగ్ వచ్చింది, తీరా చూస్తే పక్కనున్న వాగు నిజంగానే పొంగింది. అంటే నమ్మాలా వద్దా?

వాచ్ పెద్దదా వార్నింగ్ పెద్దదా, ఆ రంగులకి వీటికి సంబంధం ఏంటి, ఫోర్‌కాస్ట్‌లో 3 డిగ్రీలు అని ఉంటే ఫ్రాస్ట్ ఎలా పడుతుంది (నీళ్ళు గడ్డకట్టేది సున్నా దగ్గర కదా), ఇవన్నీ ఎవరైనా మామూలు భాషలో చెప్పండి ప్లీజ్. ఇంట్లో అమ్మానాన్న పెద్దవాళ్ళు, ఆ సౌండ్‌కి అర్ధరాత్రి ఇద్దరూ ఉలిక్కిపడి లేస్తున్నారు, ఆఫ్ చేసేద్దామా అని కూడా ఆలోచిస్తున్నా.

వానగొడుగు:

వాచ్ కన్నా వార్నింగ్ పెద్దది, ముందు ఇది గుర్తుపెట్టుకోండి. ఐతే చాలామంది దీన్ని ప్రమాదం సైజు అనుకుంటారు, అసలు తేడా అక్కడ లేదు. వాచ్ అంటే పరిస్థితులు కుదురుతున్నాయి, వస్తే పెద్దదే రావచ్చు, కానీ ఎక్కడ ఎప్పుడు అన్నది ఇంకా తేలలేదు. వార్నింగ్ అంటే తేలిపోయింది, జరుగుతోంది లేదా జరగబోతోంది. అడ్వైజరీ అంటే ఇదీ ఖాయమే, కాకపోతే ఇబ్బంది పెట్టే స్థాయి, అజాగ్రత్తగా ఉంటేనే ప్రాణాల మీదకి వస్తుంది. ఈ మూడు మాటలు అమెరికా నేషనల్ వెదర్ సర్వీస్ వాడేవి, చాలా యాప్స్ వాటినే ఎత్తుకుని చూపిస్తుంటాయి.

కాబట్టి మీ ఫ్లడ్ వాచ్ రోజు ఏమీ జరక్కపోవడం తప్పు కాదండి, వాచ్ అన్నాక అన్నీ నిజమవ్వవు, అన్నీ నిజమయ్యేదాకా ఆగితే అది వాచ్ అవ్వదు. రెండోది, వాగు సంగతి. ఫ్లాష్ ఫ్లడ్‌కి వాన మన నెత్తిన పడాల్సిన పని లేదు, ఎగువన ఎక్కడో కొండ మీద గంటసేపు కుమ్మేస్తే ఆ నీళ్ళన్నీ కిందకే వస్తాయి. ఆరు గంటల లోపు ముంచుకొచ్చేదాన్ని ఫ్లాష్ ఫ్లడ్ అంటారు, చాలాసార్లు అంత టైమ్ కూడా ఉండదు. చలికాలంలో ఐతే అసలు వానే లేకుండా వరద రావచ్చు, పేరుకున్న మంచు ఒక్కసారిగా వేడెక్కి కరిగినా వస్తుంది, నదిలో ఐసు పలకలు విరిగి కొట్టుకొచ్చి వంతెన దగ్గరో మలుపు దగ్గరో అడ్డం పడితే వెనక నీళ్ళు గంటల్లో లేస్తాయి, ఆ అడ్డు తెగితే ఇంక దిగువవాళ్ళ పని అంతే. నేల గడ్డకట్టి ఉన్నప్పుడు వాన పడితే అది ఇంకదు, సిమెంటు మీద పడ్డట్టు మొత్తం పారిపోతుంది.

రంగుల విషయం. ఇది దేశాన్ని బట్టి మారుతుంది, అందుకే గందరగోళం. మన ఐఎండీలో, అంటే భారత వాతావరణ శాఖలో, ఆకుపచ్చ, పసుపు, ఆరెంజ్, ఎరుపు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలండి. బ్రిటన్ మెట్ ఆఫీసు వాళ్ళది పసుపు, అంబర్, ఎరుపు, వాళ్ళు రెండు విషయాలు కలిపి రంగు వేస్తారు, జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత అని. అందువల్ల పసుపులో రెండు రకాలు ఉంటాయి, ఒకటి దాదాపు ఖాయంగా వచ్చే చిన్న ఇబ్బంది, రెండోది అవకాశం తక్కువే కానీ వస్తే మాత్రం కొంపలు మునిగే రకం. రెంటికీ ఒకే పసుపు! కాబట్టి త్రికోణం చూసి వదిలేయకుండా దాని మీద నొక్కి లోపల రాసింది చదవాలి. అక్కడే ఉంటుంది అసలు సరుకు.

ఇంకో తలనొప్పి ఏంటంటే ఇంగ్లాండులో వరదలకి వేరే సంస్థ వేరే పేర్లు వాడుతుంది, ఫ్లడ్ అలర్ట్, ఫ్లడ్ వార్నింగ్, సివియర్ ఫ్లడ్ వార్నింగ్. అక్కడ అలర్ట్ అన్నిటికన్నా కింది మెట్టు. ఏ దేశంలో ఉన్నా ఆ దేశం వాతావరణ శాఖ పేజీలో ఈ మాటలకి అర్థం ఒకసారి చదివి పెట్టుకుంటే మంచిది, పది నిమిషాల పని.

చిరాకుఎక్స్‌ప్రెస్:

బ్రో ఇంత థియరీ అక్కర్లేదు. వీళ్ళు రేపు ఎవరైనా అడిగితే మేం ముందే చెప్పాం అనడానికి అన్నిటికీ అలర్ట్ పడేస్తారు. పదిసార్లు పులి పులి అని అరిచి పదకొండోసారి నమ్మమంటే ఎవడు నమ్ముతాడు? నేను మొత్తం ఆఫ్ చేసి పడేశా, కిటికీలోంచి బయటకి చూస్తా, వాన పడుతోందా లేదా తెలుస్తుంది, అంతే. ఇప్పటిదాకా హాయిగానే ఉన్నా.

తూనీగ:

@చిరాకుఎక్స్‌ప్రెస్ అలర్ట్స్ ఎక్కువైపోయాయన్న మాట వరకు నేనూ ఒప్పుకుంటా. కానీ కిటికీ పద్ధతి మాత్రం చాలా డేంజర్ అన్నా, పైన వానగొడుగు గారు చెప్పిందే చూడండి, వాన ఇంకెక్కడో, నీళ్ళు మన దగ్గర. స్పెయిన్‌లో వాలెన్సియా వరద, 2024 అక్టోబర్ 29, చాలా ఊళ్ళలో పెద్దగా వాన లేని చోటికే నీళ్ళొచ్చాయి. కిటికీలోంచి చూసినవాళ్ళకి పొడి వీధే కనపడింది.

ఆ రోజు సంగతి ఇంకొంచెం చెప్తా ఎందుకంటే ఇక్కడ మనం మాట్లాడుకునేదానికి దానికన్నా మంచి ఉదాహరణ లేదు. వాతావరణ శాఖ వాళ్ళు పొద్దున్నే రెడ్ వార్నింగ్ ఇచ్చారు. ఫోన్లన్నిటికీ మోగే ఎమర్జెన్సీ మెసేజ్ మాత్రం రాత్రి 8 గంటల 11 నిమిషాలకి వెళ్ళింది. అప్పటికే చాలా చోట్ల నీళ్ళు ఇళ్ళలో ఉన్నాయి, జనం కార్లని కాపాడుకుందామని సెల్లార్లలోకి దిగి ఉన్నారు. 220 మందికి పైగా పోయారు. అంటే లెక్క తప్పలేదు, ఆకాశాన్ని చదివినవాళ్ళు సరిగ్గానే చదివారు, ఆ మాట వీధిలో మనిషి దాకా చేరే దారిలో ఆగిపోయింది.

జర్మనీలో 2021 జూలైలో ఆర్ లోయలోనూ ఇలాంటిదే. యూరప్ వరద హెచ్చరికల వ్యవస్థ నాలుగు రోజుల ముందు నుంచే నోటీసులు పంపుతూ వచ్చింది. ఆ ఒక్క లోయలోనే 130 మందికి పైగా చనిపోయారు. అప్పటికి జర్మనీలో టవర్ల నుంచి అందరి ఫోన్లకీ ఒకేసారి కొట్టే సెల్ బ్రాడ్‌కాస్ట్ లేదు, ఆ దెబ్బ తర్వాతే పెట్టుకున్నారు. మనం అర్ధరాత్రి తిట్టుకునే ఆ సౌండు లేకపోవడం వల్ల ఏమవుతుందో వాళ్ళకి తెలుసు.

నా వరకు నేను చేసేది ఇది, ఎవరికైనా పనికొస్తుందేమో. యాప్స్ పంపే మామూలు నోటిఫికేషన్లు చాలావరకు తీసేశా, యాడ్స్ కలిపి పంపే యాప్స్ ఐతే పూర్తిగా. వాతావరణ శాఖ సొంత యాప్ ఒక్కటి ఉంచా. ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే ఎమర్జెన్సీ అలర్ట్స్ మాత్రం ముట్టుకోను, అది వేరే దారి, అదీ ఇదీ ఒకటే అనుకుని కలిపి ఆఫ్ చేసేవాళ్ళే ఎక్కువ.

నిద్రలేనిమనిషి:

@తూనీగ గారు ఆ వేరే దారి అంటే ఏంటి? నేనూ రెండూ ఒకటే అనుకుంటున్నా. అలాగే ఫ్రాస్ట్ గురించి ఎవరూ చెప్పలేదు, మొక్కలు ఉన్నాయి ఇంటి ముందు, అమ్మ ప్రాణం వాటి మీదే.

మిద్దెతోట:

ఫ్రాస్ట్ నాకు వదిలేయండి 🙂

ఫోర్‌కాస్ట్‌లో చెప్పే 3 డిగ్రీలు నేల దగ్గరది కాదండి. థర్మామీటర్ని చెక్క పెట్టెలో సుమారు మనిషి ఛాతీ ఎత్తులో పెట్టి కొలుస్తారు. మబ్బు లేకుండా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది, నేలకి ఆనుకున్న గాలి ముందు చల్లబడుతుంది, చల్లగాలి బరువు కాబట్టి అక్కడే పడుకుంటుంది. అందుకని పైన 3 ఉన్నా ఆకు మీద సున్నా కిందకి పోవచ్చు. అమెరికాలో ఫ్రాస్ట్ అడ్వైజరీ సుమారు 0.5 నుంచి 2 డిగ్రీల మధ్య ఉంటుందని అంచనా ఉన్నప్పుడే ఇస్తారు, సున్నాకి పడిపోతుందంటే అది ఫ్రీజ్ వార్నింగ్ అవుతుంది. మబ్బు పట్టిన రాత్రి, గాలి వీచే రాత్రి అదే టెంపరేచర్‌కి ఫ్రాస్ట్ పడకపోవచ్చు, గాలి పైన ఉన్న కాస్త వెచ్చటి గాలిని కిందకి కలుపుతుంది. కాబట్టి టెంపరేచర్ ఒక్కటే చూడకుండా రాత్రి ఆకాశం తేటగా ఉంటుందా, గాలి పడిపోతుందా అని కూడా చూడండి. మీ స్థలంలో పల్లం ఎక్కడుందో చూడండి, చల్లగాలి నీళ్ళలాగే జారి అక్కడికి చేరుతుంది, గోడ అడ్డం ఉంటే దాని వెనక నిలుస్తుంది. ఒకే ఇంటి ముందు ఒక మొక్క మాడిపోయి రెండు గజాల అవతలది పచ్చగా ఉండటానికి కారణం అదే.

ఏం చెయ్యాలంటే, సాయంత్రం ఎండ పోకముందే కప్పాలి, చీకటి పడ్డాక కప్పితే నేల వేడి సగం ఎగిరిపోయి ఉంటుంది. పాత దుప్పటి, గుడ్డ ఏదైనా సరే, కానీ నేల దాకా వేలాడాలి. చాలామంది చెట్టుకి టోపీ పెట్టినట్టు కప్పి కాండం దగ్గర కట్టేస్తారు, అప్పుడు నేల నుంచి వచ్చే వేడి లోపలికే రాదు, ఇంక కప్పి ఏం లాభం. ప్లాస్టిక్ ఐతే ఆకుకి తగలకుండా కర్రలు పెట్టి కప్పండి, తగిలిన చోటల్లా మాడుతుంది. పొద్దున ఎండ రాగానే తీసేయాలి. మట్టి ఎండిపోయి ఉంటే ఆ మధ్యాహ్నమే నీళ్ళు పెట్టండి, తడి మట్టి పగటి వేడిని ఎక్కువ పట్టుకుని రాత్రి వదులుతుంది. కుండీలైతే గోడ వారకి, వీలైతే లోపలికి.

పెద్ద తోటల్లో రాత్రంతా స్ప్రింక్లర్లు తిప్పడం వీడియోల్లో చూసి ఇంట్లో బకెట్‌తో ఆకుల మీద నీళ్ళు చల్లేవాళ్ళు ఉన్నారు, దయచేసి వద్దు. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు వేడి వదులుతాయి, కిలోకి 334 కిలోజౌళ్ళు, ఆ వేడి మొగ్గని సున్నా దగ్గర నిలబెడుతుంది. కానీ గడ్డకట్టడం ఆగకుండా సాగుతున్నంతసేపే అది. ఐసు కరిగేదాకా నీళ్ళు ఆపకూడదు, మధ్యలో ఆపితే ఆవిరయ్యేటప్పుడు ఉన్న వేడి కూడా లాక్కుపోతుంది, చల్లకపోయినా అంత నష్టం ఉండేది కాదు.

నిద్రలేనిమనిషి:

ఇది బంగారం అండి, అమ్మకి చదివి వినిపించా, టోపీ మాటకి నవ్వింది, సరిగ్గా అలాగే కట్టిందట. ఇంకో డౌట్. పోయినేడు నడిచలికాలంలో, అంటే ఇంకా ఘోరమైన చలిలో, ఫ్రాస్ట్ అలర్టే రాలేదు. మర్చిపోయారా? యాప్‌లో "ఫీల్స్ లైక్ మైనస్ 6" అని ఉంది, అసలు టెంపరేచర్ మాత్రం ప్లస్‌లో ఉంది, అప్పుడు మొక్కలకి ఏది లెక్క?

మిద్దెతోట:

మర్చిపోలేదు. ఆ అలర్ట్స్ మొక్కలు పెరిగే కాలానికి మాత్రమే. ఒకసారి గట్టి ఫ్రీజ్ పడి లేత మొక్కలన్నీ పోయాయనుకోండి, సీజన్ అయిపోయినట్టే లెక్క, వసంతంలో మళ్ళీ చిగుళ్ళు వచ్చేదాకా ఇవ్వరు. అలర్ట్ రాలేదు కాబట్టి ఈ రాత్రి ఫ్రాస్ట్ లేదు అనుకోకూడదన్నమాట. ఇంట్లో వెచ్చగా పెంచి బయట పెట్టిన మొక్కలకి ఆ కాలెండర్ తెలీదు కదా.

ఫీల్స్ లైక్ మొక్కలకి వర్తించదు. అది మన ఒంటి మీద నుంచి గాలి ఎంత వేగంగా వేడి లాక్కుపోతుందో చెప్పే లెక్క. గాలి ఎంత వీచినా, ఆ గాలి వల్ల మొక్క గానీ పైపులో నీళ్ళు గానీ కారు ఇంజిన్ గానీ అసలు టెంపరేచర్ కన్నా కిందకి పోవు, అక్కడికి త్వరగా చేరతాయంతే. మనుషులకి మాత్రం అదే ముఖ్యం, మైనస్ 28 ఫీల్స్ లైక్ దగ్గర బయటికి ఉన్న చర్మం అరగంటలో గడ్డకట్టి దెబ్బతినవచ్చు. అమెరికాలో 2024 అక్టోబర్ నుంచి విండ్ చిల్ (గాలి వల్ల వచ్చే ఈ ఫీల్స్ లైక్ చలే) వార్నింగ్ అన్న పేరు తీసేసి ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్ అంటున్నారు, గాలి లేని చలి కూడా చంపుతుంది కాబట్టి. పాత పేరు వెతుక్కునేవాళ్ళ కోసం చెప్తున్నా.

హైవేపక్షి:

రాత్రుళ్ళు బండి నడిపే ఉద్యోగం నాది, కాబట్టి రోడ్డు సంగతి నేను చెప్తా. వరద వార్నింగ్ ఉన్నప్పుడు చచ్చేవాళ్ళలో ఇంట్లో ఉన్నవాళ్ళ కన్నా బండిలో ఉన్నవాళ్ళు ఎక్కువ, అమెరికా లెక్కల్లో ఐతే వరద చావుల్లో సగానికి పైగా వాహనాల్లోనే. అందరూ అనుకునేది "ఆ, మోకాలి లోతే కదా" అని. జోరుగా పారే నీళ్ళు 15 సెంటీమీటర్లుంటే మనిషి కాళ్ళు లేస్తాయి, 30 ఉంటే చిన్న కారు తేలి పక్కకి పోతుంది, 60 ఉంటే పెద్ద ఎస్‌యూవీలు కూడా. ముందు పోయినవాడు దాటాడు కదా అని వెళ్ళకండి, వాడు దాటాక కింద రోడ్డు కొట్టుకుపోయి ఉండొచ్చు, బురద నీళ్ళలో ఏమీ కనపడదు. రాత్రి ఐతే లోతు అంచనా వెయ్యడం నాలాంటి రోజూ తిరిగేవాడి వల్ల కూడా కాదు. తిప్పుకుని వెనక్కి రావడమే.

ఐసు దీనికన్నా దొంగది. బ్లాక్ ఐస్ నల్లగా ఉండదు, గాజులా ఉండి కింద తారు కనిపిస్తుంది, చూస్తే తడి రోడ్డే అనిపిస్తుంది. చలిలో రోడ్డు తడిగా మెరుస్తోంది కానీ ముందు బండి టైర్ల నుంచి తుంపర లేవట్లేదంటే అనుమానించండి. వంతెనలు ముందు గడ్డకడతాయి, పైనా కిందా రెండు వైపులా చలిగాలే, కింద నేల వేడి ఉండదు. ఐసు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లారు కదా అని ధీమా పడకండి, మైనస్ 9 దాటి కిందకి పోతే మామూలు ఉప్పు పని దాదాపు ఆగిపోతుంది.

వింటర్ అలర్ట్స్‌లో నేను నిజంగా భయపడేది మంచు తుఫానుకి కాదు, ఫ్రీజింగ్ రెయిన్ అన్న మాటకి. పైన వెచ్చటి గాలి పొర, కింద చలిగాలి పొర ఉంటే వాన వానలాగే పడి తగిలిన చోట ఐసు అయిపోతుంది, రోడ్డు, కొమ్మ, కరెంటు తీగ అన్నిటి మీదా. స్నో మీద ఎలాగోలా నడుపుతాం, దీని మీద నిలబడటం కూడా కుదరదు. ఆ మాట చూస్తే నేను డ్యూటీ మార్పించుకుంటా.

వానగొడుగు:

హైవేపక్షి గారు కరెంటు తీగ అన్నారు కాబట్టి ఒకటి కలుపుతా. 1998 జనవరిలో కెనడాలో వచ్చిన ఐస్ స్టార్మ్‌లో లక్షలమందికి రోజుల తరబడి, కొందరికి వారాల తరబడి కరెంటు లేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో చలి తుఫానుకి కరెంటు పోయి, రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. అందులో కొందరు చలికి కాదు, ఇంట్లో వెచ్చదనం కోసం పెట్టుకున్నవాటి నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ వల్ల పోయారు. వాసన ఉండదు దానికి, తలనొప్పీ వికారమూ వచ్చి నిద్రలోకి జారుకుంటారు. జనరేటర్ గానీ బొగ్గుల కుంపటి గానీ ఇంట్లోనే కాదు, గ్యారేజీలో తలుపు తీసిపెట్టి కూడా వద్దు, జనరేటర్ ఐతే ఇంటికి కనీసం ఆరు మీటర్ల దూరం, కిటికీల వైపు పొగ రాకుండా.

ఇవన్నీ వాచ్ టైమ్‌లో చేసుకోవాల్సిన పనులు. మందులు తెచ్చుకోవడం, పవర్ బ్యాంకులు ఛార్జి చెయ్యడం, బండి సెల్లార్ నుంచి పైకి తేవడం, ఎటు వెళ్ళాలో అనుకోవడం. వార్నింగ్ వచ్చాక సెల్లార్‌లోకి దిగకూడదు. అమెరికాలో వాచ్ ఒకటి రెండు రోజుల ముందే వస్తుంది చాలాసార్లు, అదే ఫ్లాష్ ఫ్లడ్ వార్నింగ్‌కి కొన్నిసార్లు నిమిషాలే ఉంటాయి. మనం మాత్రం వాచ్‌ని కొట్టిపారేసి వార్నింగ్‌కి హడావిడి పడతాం.

చిరాకుఎక్స్‌ప్రెస్:

సరే సెల్లార్ మాట నాకు కొంచెం తగిలింది, నా బండి ఉండేది అక్కడే. ఎమర్జెన్సీ ఒక్కటి ఆన్ చేస్తా. మిగతావి మాత్రం చచ్చినా చెయ్యను.

తూనీగ:

@చిరాకుఎక్స్‌ప్రెస్ అదే చాలు అన్నా, నేను చెప్పేదీ అంతే.

@నిద్రలేనిమనిషి గారు లేటుకి సారీ. యాప్ నోటిఫికేషన్ ఇంటర్నెట్ మీద వస్తుంది, డేటా లేకపోతే రాదు. ఎమర్జెన్సీ అలర్ట్ సెల్ బ్రాడ్‌కాస్ట్, అంటే ఆ ప్రాంతం టవర్ ఒకేసారి రేడియోలా అందరికీ కొడుతుంది, మన నంబర్ ఎవరి దగ్గరా ఉండక్కర్లేదు, అందరూ ఒకేసారి ఫోన్లు చేసి లైన్లు జామ్ అయినా ఇది వస్తుంది. పక్క ఊరి నుంచి వచ్చినవాళ్ళ ఫోన్ కూడా మోగుతుంది. మొక్కల ఫ్రాస్ట్‌కి, మామూలు మంచు అలర్ట్స్‌కి ఈ సౌండు వాడరు. అమెరికాలో ఫ్లాష్ ఫ్లడ్ వార్నింగ్స్ అన్నిటికీ కూడా వాడట్లేదు ఇప్పుడు, నష్టం గట్టిగా ఉంటుందన్న వాటికే. కాబట్టి మీకు ఆ రాత్రి మోగిందంటే ఊరికే మోగి ఉండదు.

అమ్మానాన్న గురించి. సౌండు తీసేసే బదులు, అది మోగితే ఏం చెయ్యాలో పగలే ఒకసారి మాట్లాడుకుని పెట్టుకోండి, ఎవరు ఫోన్ చదువుతారు, ఏ బ్యాగు తీసుకుంటారు, మేడ మీదకా బయటికా అని. ఏం చెయ్యాలో తెలియక కంగారు ఎక్కువ అవుతుంది. ఇంకోటి, వాళ్ళ ఫోన్ రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడతారేమో చూడండి, చాలామంది పెద్దవాళ్ళకి ఆ అలవాటు ఉంది, అలా పెడితే ఈ అలర్ట్ కూడా రాదు.

నిద్రలేనిమనిషి:

ఇప్పుడే చూశా, నాన్నగారి ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంది 🤦 ఆ సౌండు అంతా అమ్మ ఫోన్‌దేనట, ఆయన అమ్మ అరుపుకి లేస్తున్నారు. మార్చేశా. సెల్లార్ మాకు లేదు కానీ వాగు వైపు వెనక గేటు ఉంది, రాత్రిపూట అటు కాకుండా ముందు వైపు నుంచే వెళ్ళాలని అనుకున్నాం. అందరికీ థాంక్స్ అండి, మిద్దెతోట గారూ రేపు తేట ఆకాశం అంటున్నారు, గాలి లేదు, 4 డిగ్రీలు. కప్పమంటారా?

మిద్దెతోట:

కప్పండి. ఎండ ఉండగానే.